పురుగు ఏ ఇంటిది?

తెలుగులో ‘పురుగు’ అనే మాటకున్నంత పెద్ద మనసు మరే మాటకూ లేదు. బియ్యంలో ఉన్నది పురుగు. వంకాయలో ఉన్నది పురుగు. దీపం చుట్టూ తిరిగేది పురుగు. పిల్లవాడి కడుపులో ఉన్నదీ పురుగే. చీకటి పడ్డాక పాము పేరెత్తకూడదని పెద్దలు దానినీ పురుగే అన్నారు. ‘పురుగు ముట్టింది’ అని కబురు వస్తే ఆ ఇంట్లో ఏం జరిగిందో పల్లెలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు.

‘పాము’ అనే మాటా తక్కువది కాదు. వానపాము పాము కాదు. ఏలికపాము అసలే కాదు. అయినా ఆ రెంటికీ నాగుపాముతో సమానంగా ఆ గౌరవం దక్కింది.

ఇంటి వాడుకకు ఈ మాటలు చాలు. తెలుగు పాఠం చెప్పుకు బ్రతికేవాణ్ణి, మాటల మీద నాకు ఫిర్యాదు లేదు. కాని ‘పురుగు సరే, ఏ ఇంటి పురుగు?’ అని అడగవలసిన వేళలు కొన్ని ఉన్నాయి. ఆ ప్రశ్నకు వచ్చే జవాబు మీద ఒక మనిషి కాలో, ఒక గొర్రెల మందో, ఒక్కోసారి నిండు ప్రాణమో ఆధారపడి ఉంటుంది. జంతుశాస్త్రజ్ఞులు రెండున్నర శతాబ్దాలుగా అడుగుతున్నది ఆ ప్రశ్నే.

జీవాలను గుంపులుగా విడదీయడం మనకు కొత్త కాదు. తల్లి గర్భం నుంచి పుట్టేవి జరాయుజాలు, గుడ్డు నుంచి వచ్చేవి అండజాలు, చెమటా తేమా వల్ల పుట్టేవి స్వేదజాలు, నేలను చీల్చుకుని మొలిచేవి ఉద్భిజ్జాలు అని పుట్టుకను బట్టి నాలుగు రాసులు పోశారు పూర్వులు. అమరకోశం చేతబట్టినవారికి మరో ఏర్పాటు తెలుసు. అమరసింహుడు పాములను పాతాళభోగివర్గంలో పెట్టాడు. చేప, తాబేలు, కప్ప, జలగ, వానపాము వారివర్గానికి చేరాయి. సింహమూ సాలీడూ పక్షులూ సింహాదివర్గంలో ఒకే పంక్తిన కూర్చున్నాయి. ఇక ఏనుగు, గుర్రం క్షత్రియవర్గంలోకి, ఆవు వైశ్యవర్గంలోకి, కుక్క శూద్రవర్గంలోకి వెళ్ళాయి!

నవ్వకండి. అమరసింహుడు రాసింది నిఘంటువు. ఏనుగు రాజు దగ్గర ఉంటుంది గనుక రాజు మాటల పక్కన ఏనుగు మాటలు పెట్టాడు. వెతుక్కునేవాడికి సులువు. అందులో తప్పేమీ లేదు. అయితే ఈ ఏర్పాటు జంతువు ఎక్కడ ఉంటుందో, మనకు ఎందుకు పనికివస్తుందో చెబుతుందే గాని, దాని చర్మం కింద ఏముందో, దానికి చుట్టం ఎవరో చెప్పదు.

ఆ చుట్టరికం తేలాలంటే ముందు పేర్లు స్థిరపడాలి. ఆ పని చేసినవాడు స్వీడన్ దేశస్థుడు కార్ల్ లిన్నేయస్. 1735లో ఆయన జంతువులన్నిటినీ ఆరు తరగతులు చేశాడు: నాలుగుకాళ్ళవి, పక్షులు, ఉభయచరాలు, చేపలు, కీటకాలు, పురుగులు. 1758 నాటి పదో కూర్పులో ప్రతి జంతువుకూ రెండు మాటల పేరు పెట్టాడు. ముందు ప్రజాతి పేరు, తరువాత జాతి పేరు. ఇదేదో కొత్త విద్య అని ఐరోపావారు అనుకున్నారేమో గాని, తెలుగువాడికి ఇది పుట్టినప్పటినుంచీ తెలిసిందే. ముందు ఇంటిపేరు, తరువాత సొంతపేరు. అంతే!

ఆరు తరగతుల్లో చివరిది చూశారా? ‘పురుగులు.’ లాటినులో ఆ మాట వెర్మీస్. వానపాము, జలగ, నత్త, స్పంజిక, నక్షత్రచేప, ఇలా మిగతా అయిదింటిలో ఇమడనివన్నీ ఆ ఒక్క సంచిలో పడ్డాయి. అంతటి లిన్నేయస్‌కు కూడా మన అమ్మమ్మగారి లాగానే ఒక ‘పురుగు’ సంచి ఉండేదన్నమాట. ఆ సంచిని విప్పడమే ఆ తరువాత జరిగిన కథ.

అది చెప్పేముందు ఒకసారి మన కోస్తాకు వెళ్ళిరావాలి. లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ అనే వైద్యుడు దక్షిణాదికి వచ్చి, ఈస్టిండియా కంపెనీవారి కొలువులో ప్రకృతి పరిశోధకుడుగా పనిచేసి, 1785లో కాకినాడ దగ్గర జగన్నాథపురంలో కన్నుమూశాడు. మనం చారులో వేసే కరివేపాకు శాస్త్రనామంలో నేటికీ ఉన్నది ఆయన పేరే. ఆయన ఉద్యోగం విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రసెల్ అనే వైద్యుడికి దక్కింది. ఏ పాము విషపుదో ఏది కాదో తేల్చడం రసెల్ పెట్టుకున్న పని. పాములను పట్టించి, కోరలు పరీక్షించి, బొమ్మలు గీయించి 1796లో పెద్ద గ్రంథం ప్రకటించాడు. 1803లో విశాఖపట్నం చేపలు 200 మీద మరో గ్రంథం వచ్చింది.

ఆ గ్రంథాలలో రసెల్ చేసిన మంచి పని ఒకటుంది. ఊళ్ళోవాళ్ళు ఏ పేరు పెట్టి పిలిస్తే ఆ పేరే ఇంగ్లీషు అక్షరాలలో రాసుకున్నాడు. కొండచిలువకు ‘పెద్ద పొడ’. రక్తపింజరికి ‘కాటుక రేకుల పొడ’. ఒంటి మీద కాటుక దిద్దినట్టుండే నల్లటి మచ్చలను చూసి ఇంత అందమైన పేరు పెట్టిన తెలుగువాడెవరో మనకు తెలియదు. ఇంగ్లీషువారు మాత్రం దానికి రసెల్ పేరు పెట్టుకున్నారు. నలుపూ పసుపూ పట్టీలతో ఉండే ఒక పామును ‘బంగారు పాము’ అన్నారు మనవాళ్ళు. 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాఁ ఆ మాటనే తీసుకుని ‘బంగారస్’ అని ఒక ప్రజాతికి పేరు పెట్టాడు. అందువల్ల, ఒంటిన వీసమెత్తు పసుపు లేకుండా నలుపు మీద తెల్లగీతలతో తిరిగే మన కట్లపాముకు కూడా ప్రపంచమంతటా ఇంటిపేరు బంగారే! వాలుగ చేపకు కూడా ఇదే యోగం పట్టింది. రసెల్ రాసుకున్న తెలుగు పేరు నుంచి 1851లో బ్లీకర్ ‘వల్లాగో’ అనే ప్రజాతి పేరు చేశాడు. లాటిను పేరనగానే భయపడే విద్యార్థులకు నేనీ రెండూ చెబుతుంటాను.

ఇక సంచి సంగతి. 1793లో పారిస్ మ్యూజియమువారు లామార్క్‌కు ఆచార్య పదవి ఇచ్చారు. ఎవరికీ అక్కరలేని కీటకాలూ పురుగులూ ఆయన వంతుకు వచ్చాయి. ఆయన విసుక్కోకుండా ఒక్కొక్కదానినే కోసి చూశాడు. సాలీడు కీటకం కాదన్నాడు, పీతనూ వేరు చేశాడు, వానపామును మరో ఇంటికి పంపాడు. ‘వెన్నెముక లేనివి’ అనే మాట ఆయనదే. తరువాత కువియే 1817లో జంతువులకు మూలమైన శరీర నిర్మాణాలు నాలుగే అన్నాడు. ఆ నాలుగూ నేడు ముప్పైకి పైబడ్డాయి. వీటినే మన పాఠ్యపుస్తకాలు ‘వర్గాలు’ అంటాయి. జంతుప్రపంచంలో పెద్ద ఇళ్ళు ఇవే.

ఈ ఇళ్ళను గుర్తుపట్టడానికి సముద్రాలు దాటి పోనక్కరలేదు. వనపర్తి జిల్లా శ్రీరంగాపూర్‌లో రంగనాయకస్వామి గుడి ఉంది. 18వ శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశులు కట్టించినది. గుడిని ఆనుకుని రంగసముద్రం చెరువు. దర్శనానికి వెళ్ళినవారు ఎలాగూ కాసేపు గట్టున కూర్చుంటారు. అలాంటి మంచినీటి చెరువు పక్కన కూర్చుంటే జంతుప్రపంచంలోని పెద్ద ఇళ్ళలో ముఖ్యమైనవి చాలావరకు కళ్ళ ముందే ఉన్నట్టు.

నీళ్ళలో నానే రాతికో కర్రకో పాచిలా అంటుకుని పెరిగేది మంచినీటి స్పంజిక. దానికి నోరు లేదు, కడుపు లేదు, నరం లేదు. ఒళ్ళంతా రంధ్రాలు. వాటి గుండా నీళ్ళు పారుతుంటే అందులోని తిండి వడకట్టుకుంటుంది. మొదటి ఇల్లు ఇదే. నీటి మొక్కల ఆకుల అడుగున దారప్పోగులా వేలాడే హైడ్రాది రెండో ఇల్లు. దానికి నోరుంది, చుట్టూ కుట్టే తంతువులున్నాయి. పళ్ళెంలాగా గుండ్రటి ఏర్పాటేగాని కుడీ ఎడమా లేవు. సముద్రంలోని జెల్లీచేపా పగడమూ దీని జ్ఞాతులే.

ఇక్కడినుంచి వచ్చేవాటికి ముందూ వెనకా, కుడీ ఎడమా ఉంటాయి. బద్దెలా పలచగా ఉండేవి ఒక ఇల్లు. గొర్రెల కార్జంలో చేరే పురుగులు, మనుషుల కడుపులో పెరిగే బద్దెపురుగులు ఇందులోవి. దారంలా నున్నగా, గణుపులు లేకుండా ఉండేవి మరో ఇల్లు. ఏలికపాము, నులిపురుగు, నారిపురుగు ఇక్కడివి. ఒళ్ళంతా ఉంగరాలు పేర్చినట్టుండే వానపాముదీ జలగదీ ఇంకో ఇల్లు. మెత్తని ఒంటికి గుల్ల కట్టుకున్న నత్త, ఆల్చిప్పలది వేరొకటి. గుల్ల లేకపోయినా సముద్రంలోని ఆక్టోపస్ వాటి బంధువే.

తరువాతది అన్నిటికంటే పెద్ద ఇల్లు. కాళ్ళకు కీళ్ళు, ఒంటికి గట్టి కవచం ఉన్నవాళ్ళది. శాస్త్రజ్ఞుల భాషలో ఆర్థ్రోపొడా. తూనీగ, చీమ, తేనెటీగ, తేలు, సాలీడు, జెర్రి, ఎండ్రకాయ అన్నీ ఇందులోవే. చేపల బుట్టలో చేపలతో పాటు అమ్ముడుపోయే రొయ్య నిజానికి తేలుకూ మిడతకూ చుట్టం గాని చేపకు కాదు. ఇప్పటికి పేరు పెట్టిన జంతుజాతులు 15 లక్షలకు పైమాట. అందులో 10 లక్షలకు మించి ఈ ఒక్క ఇంటివే.

చివరికి మన ఇల్లు. కొర్రమీను, కప్ప, తాబేలు, నీరుకట్టు పాము, కొంగ, గుడి గోపురంలో వేలాడే గబ్బిలం, నీళ్ళలో పడుకున్న గేదె, గట్టున కూర్చున్న మనం. వీటన్నిటికీ వెన్నెముక ఉంది. సృష్టి అంతా మనదే అనుకుంటాము గాని, వెన్నెముక ఉన్నవన్నీ కలిపినా మొత్తం జంతుజాతుల్లో నూటికి అయిదుకు అటూఇటూ మాత్రమే.

ఒక్క పెద్ద ఇల్లు మాత్రం ఏ చెరువులోనూ కనిపించదు. నక్షత్రచేపల ఇల్లు. ఆ వంశంలో ఒక్కటంటే ఒక్కటి కూడా మంచినీటిలో బ్రతకదు. విచిత్రమేమంటే, రోజూ చూసే నత్తకన్నా, చీమకన్నా ఎన్నడూ చూడని ఆ నక్షత్రచేపే మనకు దగ్గరి చుట్టం. అదెలా తెలిసింది? పిండం పెరిగేటప్పుడు దానిలో మొదట ఒక రంధ్రం పడుతుంది. నత్తలోనూ వానపాములోనూ సాధారణంగా నోరు ఆ రంధ్రం వైపున ఏర్పడుతుంది. నక్షత్రచేపలో, మనలో ఆ రంధ్రం ఉన్నచోట మలద్వారం వస్తుంది. నోరు తరువాత మరోచోట పడుతుంది. పెద్ద ఇళ్ళ చుట్టరికాలు ఇలాంటి గుట్టుమట్లతో బయటపడ్డాయి. 1859లో డార్విన్ పుస్తకం వచ్చాక ‘చుట్టరికం’ అనే మాట ఉపమానం కాకుండా పోయింది. ఒక ఇంటివాళ్ళంటే నిజంగానే ఒక పూర్వీకుడి సంతతి అని అర్థం వచ్చింది.

అయితే పోలికలను గుడ్డిగా నమ్మితే మోసపోతాము. గబ్బిలానికి రెక్కలున్నాయని పక్షి కాదు. తిమింగలం నీళ్ళలో ఉందని చేప కాదు. వానపామునూ కీటకాన్నీ చూసి, రెండింటి ఒళ్ళూ గణుపులు గణుపులుగా ఉన్నాయని కువియే వాటిని ఒకే కొమ్మ మీద కూర్చోబెట్టాడు. చాలాకాలం అదే పాఠం నడిచింది. 1997లో కొందరు శాస్త్రజ్ఞులు జంతువులన్నిటిలోనూ ఉండే ఒక జన్యువును పోల్చి చూసి ఆ కొమ్మను విరిచేశారు. కీటకాలకూ రొయ్యలకూ దగ్గర చుట్టం వానపాము కాదట, ఏలికపాము వంశమట! ఆ రెండు ఇళ్ళవాళ్ళూ పెరుగుతూ పెరుగుతూ పైతొడుగు విడిచేస్తారు. ఇక వానపాముకు దగ్గరి చుట్టం ఎవరంటే, నత్త.

పాము కూడా కుబుసం విడుస్తుంది కదా అని మీరడగవచ్చు. విడుస్తుంది. కాని దాని ఒంటిలో వెన్నెముక ఉంది, పిండం తీరు వేరు, జన్యువులు వేరు. ఒక్క గుర్తు పట్టుకుని ఇల్లు నిర్ణయించకూడదు, పది గుర్తులు ఒకటే మాట చెప్పాలి. సంబంధాలు కలుపుకునేటప్పుడు మన పెద్దలు చేసే విచారణా ఇలాంటిదే.

ఇదంతా పండితుల కాలక్షేపం అనుకునేవారికి మూడు సంగతులు చెబుతాను.

మొదటిది నారికురుపు. దిగుడుబావుల్లో దిగి నీళ్ళు ముంచుకున్న తరాలవారు దానిని మరిచిపోలేరు. కాలి మీద పొక్కు లేచి, అది పగిలి, మూరకు మించిన తెల్లటి దారంలాంటి పురుగు రోజుల తరబడి వెలికి వస్తుంది. పుల్లకు చుట్టి మెల్లమెల్లగా లాగాలి. వ్యవసాయం రోజుల్లో రైతు మంచం పడితే ఆ యేడు పంట పోయినట్టే. మందు లేదు, టీకా లేదు. మరి పోయిందెలా? ఆ కాలు బావినీళ్ళలో పెట్టగానే పురుగు పిల్లలను వదులుతుంది. వాటిని సైక్లాప్స్ అనే నీటి ప్రాణి మింగుతుంది. ఆవగింజకు మించని ఆ ఒంటికంటి ప్రాణి రొయ్యకు జ్ఞాతి. ఆ నీళ్ళు తాగినవాడి కడుపులో సైక్లాప్స్ చచ్చిపోతుంది, పురుగుపిల్ల బ్రతికి, ఏడాదికి కాలిలో తేలుతుంది. ఒక పురుగులో మరో పురుగు, రెండూ రెండు ఇళ్ళవి! రోగం తెచ్చేది దారపు పురుగే అయినా దానిని మోసే రొయ్యజ్ఞాతిని గుడ్డతో వడకట్టవచ్చు, నీళ్ళలో మందు వేసి చంపవచ్చు. దేశంలో 1980ల్లో ఆ ఉద్యమం మొదలైంది. ఆ వ్యాధి ఉన్న రాష్ట్రాలలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చివరి రోగి 1996లో రాజస్థాన్‌లో కనిపించాడు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశానికి విముక్తిపత్రం ఇచ్చింది. మందూ టీకా లేని రోగాన్ని, ఎవరు ఎవరిలో ఉన్నారో తెలుసుకుని ఒక గుడ్డముక్కతో ఓడించాము.

రెండోది గొర్రెల జలగ వ్యాధి. గొర్రె నీరసించి, దవడ కింద నీరు దిగి చచ్చిపోతే కార్జంలో ఆకుల్లాంటి పురుగులు కనిపిస్తాయి. జలగ అనడం వల్ల చెరువులో కరిచే జలగే లోపలికి పోయిందని అనుకునేవారున్నారు. అది జలగ కాదు, బద్దెపురుగు ఇంటిది. దాని పిల్లలు నత్త కడుపులో పెరిగి, బయటికి వచ్చి, నీటి అంచున గడ్డిని పట్టుకుంటాయి. ఆ గడ్డి మేసిన గొర్రెకు రోగం. కాబట్టి జలగలను వెతికి లాభం లేదు. నత్తలున్న చిత్తడి అంచున మంద మేయకుండా చూసుకోవాలి, వేళకు పశువైద్యుడిచేత మందు పోయించాలి.

మూడోది పాము. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షలమంది చనిపోయి ఉంటారని శాస్త్రజ్ఞులు లెక్క వేశారు. ఈ బాధ ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో తెలుగునేల ఒకటి. నాగుపాము, కట్లపాము ఒక కుటుంబం. ముఖ్యంగా నరాలను పట్టే విషం. రక్తపింజరి, చిన్నపింజరి మరో కుటుంబం; ముఖ్యంగా రక్తాన్ని పాడుచేసే విషం. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవారిని కాటేస్తుంది. నొప్పి అంతగా ఉండదు. ‘ఏదో పురుగులే’ అని తెల్లవారేదాకా పడుకుంటే, రెప్పలు వాలిపోయి, ఊపిరి ఆగిపోతుంది. అచ్చం దానిలాగే చారలుండే, విషంలేని పాము ఇంకొకటుంది. దానికి మంత్రం వేసి బ్రతికించినవారి కీర్తి వల్ల, కట్లపాము కరిచినవాళ్ళు కూడా మంత్రం దగ్గరికే పోతారు. ఆస్పత్రిలో ఇచ్చే విరుగుడు మందు ఈ నాలుగు పాముల విషానికీ కలిపి తయారుచేసినది. కాబట్టి పామును వెంటాడి పట్టుకుపోనక్కరలేదు. కరిచిన కాలు చెయ్యి కదపకుండా, తాళ్ళు బిగించకుండా, కోయకుండా వెంటనే ఆస్పత్రికి పోవడమే పని. పాము ఏ ఇంటిదో లక్షణాలను బట్టి డాక్టరు తేలుస్తాడు.

లిన్నేయస్ సంచి ఇంకా పూర్తిగా ఖాళీ కాలేదు. 1916లో ఏర్పడిన మన జంతుశాస్త్ర సర్వే సంస్థ 2024లో దేశంలోని జంతువుల పట్టిక ప్రకటించింది: 36 వర్గాలు, 1,04,561 జాతులు. మంచినీటి జీవాల కోసం ఆ సంస్థకు హైదరాబాదులోనే ఒక కేంద్రముంది. ఇంకా పేరు పెట్టవలసినవి మిగిలే ఉన్నాయి గనుకనే పని సాగుతోంది.

‘పురుగు’ అనే మాటను ఎవరూ మానుకోనక్కరలేదు. అది పోతే మన తిట్లలో సగం పోతాయి. అయితే ఈసారి గోడవార ఏదైనా కదిలితే, చెప్పు తీసేముందు కాళ్ళు లెక్కపెట్టండి. ఆరైతే కీటకం. ఎనిమిదైతే సాలీడో, తేలో. లెక్కకు అందకపోతే జెర్రి. అసలు కాళ్ళే లేవంటారా? అప్పుడు మాత్రం దగ్గరికి పోకండి. ముందు దీపం తెమ్మనండి.